మందును పరీక్షించు విధము – మన సమ్మతి

క్రొత్త మందొకటి వచ్చినదనియు, దానిని సేవించిన వారిలో చాలమందికి నయమైనదనియు విన్నంతనే ఆ మందు మంచిదని మనము నమ్ముదుము. ఈ నమ్మకము సహజమే గాని, అన్నివేళల సరియైనది కాదు. జలుబు వంటివి ఏ మందును లేకయే కొలది దినములలో తగ్గును. కీళ్లనొప్పుల వంటివి కొంతకాలము హెచ్చి, కొంతకాలము తగ్గుచుండును. బాధ మిక్కిలిగా నున్నపుడే మనము వైద్యుని యొద్దకు పోవుదుము. పిమ్మట బాధ తగ్గినచో ఆ కీర్తి యంతయు మందునకే దక్కును. రోగము మందు వలన తగ్గినదా, తనంతట తానే తగ్గినదా యని నిర్ణయించుటకు ఒక పద్ధతి యవసరము. ఆ పద్ధతినే క్లినికల్ ట్రయల్ అందురు. దానిని వైద్య ప్రయోగ పరీక్ష యని మనము చెప్పుకొనవచ్చును. మా విద్యార్థులును, వారి తల్లిదండ్రులును దీనిని తెలిసికొనుట మేలని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మన జిల్లాలో సింధనూరు, మాన్వి ప్రాంతముల రైతు కుటుంబములకు ఈ పద్ధతి వేఱొక రూపమున తెలిసినదే. తుంగభద్ర ఎడమ కాలువ క్రింద ఒక రైతు క్రొత్త వరి వంగడమును కాలువ మొదట గల మడిలోను, పాత వంగడమును కాలువ చివర గల మడిలోను నాటెననుకొందము. క్రొత్తది హెచ్చుగా పండినచో ఆ ఘనత వంగడమునకా, నీటికా? చెప్పజాలము. రెండు వంగడములకును ఒకే నేల, ఒకే నీరు, ఒకే ఎరువు ఉండవలయును. అట్లే రోగులలో బలముగా నున్నవారికి క్రొత్త మందును, క్షీణించినవారికి పాత మందును ఇచ్చినచో ఆ పోలిక కాలువ మొదటికిని చివరికిని చేసిన పోలిక వంటిదే యగును.

ఈ దోషమును తొలగించుటకు చీటీలు వేయు పద్ధతి యేర్పడినది. ఎవరికి ఏ మందో వైద్యుడు ఎన్నుకొనడు, రోగియు ఎన్నుకొనడు, చీటీ నిర్ణయించును. అప్పుడు బలవంతులు, బలహీనులు, పేదలు, ధనికులు రెండు వర్గములలోను ఇంచుమించు సమముగా కలియుదురు. విచిత్రమేమనగా, ఈ పద్ధతి మొదట స్థిరపడినది పొలములోనే. ఇంగ్లండులోని రోతామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున 1920 తరువాతి దశకమున రోనాల్డ్ ఫిషర్ అను గణాంక శాస్త్రజ్ఞుడు దీనికి రూపమిచ్చెను. పిదప బ్రాడ్‌ఫోర్డ్ హిల్ దీనిని వైద్యమునకు అన్వయించెను. 1948లో ప్రకటింపబడిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో, క్షయరోగులలో మందు పొందిన 55 మందిలో ఆఱు నెలలలో 4గురు మరణించిరి. పడక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14గురు మరణించిరి. ఆ కాలమున బ్రిటనులో అందఱికి చాలునంత మందు లేదు. కావున కొందఱికి మందు లేకుండుట వైద్యులు కల్పించిన కొఱత కాదు.

మన పొరుగుననే జరిగిన గొప్ప పరీక్ష యొకటి గలదు. క్షయరోగిని శానిటోరియములో ఉంచి, విశ్రాంతియు, మంచి ఆహారమును ఇచ్చినగాని నయము కాదని ఒకప్పుడు వైద్యలోకము నమ్మెడిది. దేశములో రోగులు లక్షలాదిగా నుండిరి. పడకలు మాత్రము స్వల్పము. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడినది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి దానికి సహకరించెను. అచ్చట దాదాపు 200 మంది పేద రోగులను రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమును శానిటోరియమునకు పంపిరి. మఱియొక వర్గమునకు ఇంటివద్దనే మందులిచ్చిరి. మందులు మాత్రము ఇరువురికిని ఒకటే. శానిటోరియమువారికి తిండి మెరుగు, విశ్రాంతి మెరుగు. ఇంటివారు ఇరుకు గదులలో నుండిరి. అయినను ఒక సంవత్సరము పిమ్మట చూడగా ఫలితము ఇంచుమించు సమానమే. ఇంటివద్ద చికిత్స వలన కుటుంబములోని వారికి వ్యాధి సోకుట హెచ్చు కాలేదనియు తేలెను. 1959లో వెలువడిన ఈ ఫలితము ప్రపంచమంతట క్షయ చికిత్సా విధానమును మార్చినది. నేడు క్షయరోగి ఇంట నుండియే మందులు మ్రింగి స్వస్థుడగుచున్నాడనిన, దానికి మూలము ఆ మద్రాసు రోగుల సహకారమే.

పరీక్ష చేసినంత మాత్రమున సత్యము తేలునని తలపరాదు. పరీక్ష సరిగా నుండవలయును. రాయచూరు జిల్లా 1956 వరకు హైదరాబాదు సంస్థానములోను, పిదప హైదరాబాదు రాష్ట్రములోను భాగముగా నుండెను గదా! ఆ సంస్థానమున 1888, 1889 సంవత్సరములలో నిజాము ధన సహాయముతో రెండు క్లోరోఫారము కమిషనులు పనిచేసెను. శస్త్రచికిత్సకు ముందు స్మృతి తప్పించుటకు వాడు క్లోరోఫారము వలన కొందఱు మరణించుచుండిరి. గుండె ఆగుటకు ముందు శ్వాస ఆగునని ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు వాదించెను. లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనెను. జంతువులపై అనేక ప్రయోగములు చేసి, లారీ వాదమే సరియని కమిషను తీర్మానించెను. కాని 1911లో లెవీ అను వైద్యుడు, క్లోరోఫారము తక్కువ మోతాదులో నున్నపుడే గుండె లయతప్పి హఠాత్తుగా ఆగవచ్చునని పిల్లులపై నిరూపించెను. ప్రయోగములు ఎన్ని యైనను, ప్రశ్న అడిగిన తీరు ఇరుకైనచో జవాబును ఇరుకే యగునని దీనివలన తెలియుచున్నది.

ఇక మన తెలుగువాని కృషి యొకటి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనశాలకు అధ్యక్షత వహించెను. అచ్చట తయారైన అమినోప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు గల పిల్లలకు ఇచ్చి చూచెను. 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము వెనుకంజ వేసెనని 1948లో ప్రకటించెను. ఆ మేలు నిలువలేదు. వ్యాధి మరల వచ్చెను. అయినను అంతకుముందు ఆ వ్యాధిని వెనుకకు త్రిప్పిన మందే లేదు. అట్టిచోట రెండవ వర్గము లేకున్నను ఫలితము కంటికి కనబడును. నేటి క్యాన్సరు మందుల చరిత్రకు అది తొలిమెట్టు. సుబ్బారావు ఆ సంవత్సరమే దివంగతుడయ్యెను.

నేడు క్రొత్త మందు రోగికి చేరుటకు ముందు అనేక మెట్లు ఎక్కవలయును. మొదట ప్రయోగశాలలోను, జంతువులపైనను పరీక్షింతురు. పిదప మొదటి దశలో కొలదిమందికి ఇచ్చి, అపాయము లేదా యని చూతురు. రెండవ దశలో ఎక్కువమందికి ఇచ్చి, తగిన మోతాదును నిర్ణయింతురు. మూడవ దశలో వందల, వేల మందిలో పాత చికిత్సతోగాని, మందువలె కనిపించు ఉత్త మాత్రతోగాని పోల్చి చూతురు. ఎవరికి ఏది అందినదో రోగికిని, వైద్యునకును తెలియకుండ దాచుదురు; తెలిసినచో ఆశయు, అనుమానమును ఫలితమును ప్రక్కకు లాగును. విక్రయము మొదలైన పిదప గూడ దుష్ఫలితములను గమనించుట నాల్గవ దశ. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన కోవాక్సిన్ టీకా మూడవ దశ పరీక్షలో 25,798 మంది పాల్గొనిరి. టీకా పొందిన వర్గములో 24గురికి, ఉత్త సూది పొందిన వర్గములో 106గురికి లక్షణములతో కూడిన కోవిడ్ వచ్చినట్లు 2021లో ప్రకటించిరి. ఈ ఫలితము రాకమునుపే, ఆ సంవత్సరము జనవరిలో ప్రభుత్వము అత్యవసర వాడుకకు అనుమతించుట విమర్శకు గురియైనది.

మందును మాత్రమే గాక, వ్యాధిని గుర్తించు విధానములను గూడ ఇట్లే పరీక్షింపవలయును. విద్యార్థులు ఈ లెక్కను చేసి చూడుడు. 1000 మందిలో 10 మందికి వ్యాధి యున్నదనుకొందము. ఒక రక్తపరీక్ష ఆ 10 మందిలో 9 మందిని పట్టును; ఆరోగ్యవంతులలో ప్రతి 10 మందికి ఒకరిని పొరపాటున రోగి యని చెప్పును. ఆరోగ్యవంతులు 990 మంది గనుక 99 మంది పొరపాటున రోగులగుదురు. వ్యాధి యున్నదని చెప్పబడిన 108 మందిలో నిజమైన రోగులు 9 మందే! కావున ఒక పరీక్షలో వ్యాధి యున్నదని తేలగానే దిగులు పడక, రెండవ పరీక్షతో రూఢి చేసికొనుట మంచిది.

ఇంతవరకు పరీక్ష వలని లాభమును చెప్పితిమి. ఇక అందు పాల్గొనువారి హక్కును చెప్పవలసియున్నది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 మొదలు 14 సంవత్సరముల వయస్సు గల దాదాపు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాలు వేసిరి. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు దీనిని నిర్వహించెను. టీకా అప్పటికే అనుమతి పొందినదే. అనేక దేశములలో వాడుకలో నున్నదే. కొందఱు బాలికల మరణవార్తలు రాగా 2010లో కార్యక్రమమును నిలిపివేసిరి. ఆ మరణములకును టీకాకును సంబంధము కనబడలేదని విచారణ సంఘము అభిప్రాయపడినది. కాని సమ్మతి తీసికొన్న తీరు మాత్రము దోషభూయిష్టమని తేలినది. 2013 నాటి పార్లమెంటరీ సంఘ నివేదిక ప్రకారము, 9,543 పత్రములలో 2,763 పత్రములపై వసతిగృహ వార్డెన్లే సంతకము చేసియుండిరి. 1,948 పత్రములపై వేలిముద్రలు మాత్రమే యుండెను. టీకా మంచిదైనను, తల్లిదండ్రుల నడుగక వేయుట మంచిది కాదు. ఉపాధ్యాయులమైన మేము దీనిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలసియున్నది. మా సంతకము తల్లిదండ్రుల సంతకము కాజాలదు.

2019లో క్రొత్త మందుల, వైద్య పరీక్షల నియమములు అమలులోనికి వచ్చెను. వాని ప్రకారము పరీక్షకు నైతిక సమితి యొక్క అనుమతి కావలయును. ఆ సమితిలో కనీసము ఏడుగురు సభ్యులుందురు. వారిలో న్యాయము తెలిసినవారు, ఒక స్త్రీ, వైద్యముతో సంబంధము లేని ఒక సామాన్య వ్యక్తి యుండవలయును. పాల్గొనువానికి అర్థమగు భాషలో సమస్తము వివరించి, వ్రాతపూర్వకముగా సమ్మతి పొందవలయును. చదువురాని వారి విషయమున, పక్షపాతము లేని సాక్షి యొకరు మొదటినుండి చివరివరకు దగ్గఱ నుండి సంతకము చేయవలయును. బాలబాలికల విషయమున తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. ఏడేండ్లు దాటిన పిల్లల యిష్టమును గూడ అడుగవలయునని వైద్య పరిశోధన మండలి మార్గదర్శకములు చెప్పుచున్నవి. పాల్గొన్నవారు ఎప్పుడైనను మానుకొనవచ్చును. దానివలన వారికి రావలసిన మామూలు చికిత్స ఆగరాదు. పరీక్ష వలన హాని కలిగినచో ఉచిత చికిత్సయు, పరిహారమును ఇయ్యవలయును.

"అర్థమగు భాషలో" అను మాట మనవంటి వారికి మిక్కిలి ముఖ్యము. ఈ జిల్లాలో ప్రభుత్వ వ్యవహారము కన్నడమున జరుగును. పెద్ద ఆసుపత్రులలో కాగితములు పెక్కు ఇంగ్లీషున నుండును. క్యాంపులలోను, పల్లెలలోను గల మన తల్లులకు, అవ్వలకు మాటాడుటకు కన్నడము వచ్చినను, వైద్యపు పత్రమును చదివి గ్రహించునంత రాకపోవచ్చును. అట్టివారు తెలుగు పత్రమును అడుగుట గర్వము కాదు, హక్కు. అడిగినంత మాత్రమున వైద్యులను అనుమానించినట్లును కాదు.

విద్యార్థులారా! మీరు మూడు భాషలు చదువుచున్నారు. మీ యింట ఎవరినైనను ఇట్టి పరీక్షలో చేరుమని కోరినచో ఆ పత్రమును మీరు పెద్దలకు చదివి వినిపింపుడు. తెలియని మాట వచ్చినచో ఆగి వైద్యునే అడుగుడు. ఇది చికిత్సయా, పరీక్షయా? మాకు ఏ మందు వచ్చునో ఎట్లు నిర్ణయింతురు? ఇప్పుడున్న మందు మానవలయునా? హాని కలిగినచో ఎవరికి చెప్పవలయును? ఈ పరీక్ష 2007లో ఏర్పడిన జాతీయ నమోదు పట్టికలో చేర్చబడినదా? ఇంటికి పోయి ఆలోచించుకొనుటకు వ్యవధి యుండునా? ఈ ఆఱింటికిని తృప్తికరమైన జవాబు దొరకినచో పాల్గొనుటకు జంకనక్కరలేదు. మద్రాసులోని ఆ పేద రోగులు పాల్గొననిచో మన క్షయరోగులు నేటికిని పడకల కొఱకు వేచియుండెడివారే. అయితే జవాబు దొరకువఱకు సంతకము చేయనక్కరలేదు. పత్రమును చదివి వినిపింపక తల్లిచేత వేలిముద్ర మాత్రము వేయింపకుడు.