5.3 నవలామాలికలపై పాఠకుల అభిప్రాయాలు

అమెరికా రచయిత జిమ్ బుచర్ 'డ్రెస్డెన్ ఫైల్స్' నవలామాలిక 2000లో మొదలైంది. ఇందులో షికాగో నగరంలో ఉండే మాంత్రికుడే అపరాధ పరిశోధకుడు. 2014లో 15వ నవల వచ్చాక, ఆరేళ్లకు, అంటే 2020లో, 'పీస్ టాక్స్' వెలువడింది. కథ బాగా పెరగడంతో రచయిత దానిని రెండు నవలలుగా విడదీశారు. రెండవ భాగం 'బ్యాటిల్ గ్రౌండ్' అదే ఏడాది వచ్చింది.

'పీస్ టాక్స్' సగంలో ఆగినట్లుందని కొందరు పాఠకులు పెదవి విరిచారు. పాత పాత్రలు మళ్లీ కనిపించాయని మరికొందరు సంతోషించారు. మొదటి అభిప్రాయం నవల నిర్మాణానికి, రెండవది మాలికతో పాఠకులకున్న అనుబంధానికి సంబంధించినవని గమనించండి. విమర్శలో ఈ రెండింటినీ కలగలపకూడదు. పాత్రలపై అభిమానం నిర్మాణలోపాన్ని సరిదిద్దలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీరు చదివిన ఒక అపరాధ పరిశోధక నవలపై మీ అభిప్రాయాలను ఈ రెండు విభాగాలుగా రాయండి.