కూలి గిట్టితేనే సాంచా నడిచేది

కార్మికుడి ఇల్లు గడిచేంత కూలి, అంటే జీవన వేతనం ఇవ్వాల్సి వస్తే చిన్న పరిశ్రమ తట్టుకోగలదా? తెలంగాణలోని సిరిసిల్ల మరమగ్గాల అనుభవంలో జవాబు ఉంది.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. ఒక్కో కార్మికుడు నాలుగైదు, ఒక్కోసారి ఎనిమిది సాంచాలను కనిపెట్టుకుని తిరుగుతుంటాడు. పోగు తెగితే ఆపి ముడేయాలి. ఏమరపాటుగా ఉంటే గుడ్డ చెడుతుంది, కొనేవాడు ధర కోస్తాడు. చెవులు దిమ్మెక్కే చప్పుడులో పన్నెండు గంటలు నిలబడినా ఆ కూలితో ఇల్లు గడవక, ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు.

ఆ సాంచాలు నడిపించే ఆసామి కూడా పెద్ద షావుకారేమీ కాదు. నూలు, పడుగు చుట్టిన బీములు ఇచ్చేది పైనున్న యజమాని. మీటరుకు ఇంతని ఆసామికి ముట్టే మజూరీలోంచే కూలి, కరెంటు బిల్లు, మరమ్మతులు వెళ్లాలి. భివండీ, సూరత్‌ గుడ్డ పోటీకొచ్చే బజారులో తానొక్కడే రేటు పెంచలేడు. కూలి పెంచమంటే ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడేది అందుకే.

ధరలోనే ఉంది కిటుకు

2017లో తెలంగాణ ప్రభుత్వం పండక్కి ఆడవాళ్లకు చీరలు పంచే బతుకమ్మ చీరల పథకం తెచ్చింది. తర్వాతి ఏళ్లలో ఏటా కోటి దాకా చీరల పనికి సిరిసిల్లే ప్రధాన కేంద్రమైంది. కొనేవాడెవరో, ధరెంతో ముందే ఖాయం. అవే సాంచాలు, వారే ఆసాములు. కూలి మాత్రం పెరిగింది. 2024లో ఆ ఆర్డరు ఆగగానే సాంచాలు నిలిచిపోయాయి, కార్మికుల ఆత్మహత్యల వార్తలు మళ్లీ మొదలయ్యాయి. ఒక్క కొనుగోలుదారునే నమ్ముకుంటే ఎంత ప్రమాదమో కూడా ఊరికి తెలిసొచ్చింది.

లెక్క చూద్దాం. 300 రూపాయల చీరలో నేత కూలి 30 అనుకోండి. దాన్ని మూడో వంతు పెంచితే చీరకు పడేది 10 రూపాయలు. కట్టుకునేవారికి అది మోయలేని భారం కాదు. అదే 10 ఆసామి మిగులులోంచి తీయమంటే సాంచాల కొట్టానికి తాళం పడుతుంది.

అందరూ ఒకేసారి పెంచితే

1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలాన్ క్రూగర్ అక్కడా, పక్కనున్న పెన్సిల్వేనియాలోనూ నాలుగు వందలకు పైగా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పరిశీలించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనిపించలేదు; తినుబండారాల ధరలు కొంత పెరిగాయి. ఆ పెంపు రాష్ట్రమంతటికీ వర్తించింది కాబట్టి మంచి కూలి ఇచ్చినవాడు పోటీలో నష్టపోలేదు.

మన రాజ్యాంగం 43వ అధికరణ జీవన వేతనాన్నీ, కుటీర పరిశ్రమల ప్రోత్సాహాన్నీ ఒకేచోట చెప్పింది. రెండూ కలిసి నడవాలన్నదే దాని ఆశయం. 2019 వేతన కోడ్ ప్రకారం దేశమంతటికీ ఫ్లోర్ వేజ్, అంటే ఏ రాష్ట్రమూ అంతకన్నా తగ్గించకూడని కూలి, నిర్ణయించాల్సింది కేంద్రమే. అది ఇల్లు గడిచే స్థాయిలో ఉంటే సూరత్‌తో పోటీకి సిరిసిల్ల కూలిని కోయాల్సిన పని ఉండదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో బిల్లు చెల్లించాలన్న 2006 నాటి చట్టాన్ని గట్టిగా అమలు చేయాలి. బిల్లు ఆగినా కూలి ఆపలేం కదా!

కొనే మనకూ బాధ్యత ఉంది. నేసినవాడి ఇల్లు గడవని ధరకు చీర చవగ్గా దొరికిందంటే, తగ్గిన ఆ పది రూపాయలూ అతని పిల్లల కంచంలోంచి తీసినవే.