డెంకణికోట చెరువుకట్ట మీద ఒక పొద్దున

డెంకణికోట వాళ్లకి అడవి కొత్త కాదు. మనూరి దేవుడు బేటరాయస్వామి, పేరులోనే వేట ఉంది. అయినా మొన్న శ్రావణమాసంలో పిల్లలను వెంటబెట్టుకుని ఊరి పక్క చెరువుకట్ట మీద నడిచినప్పుడు, వాళ్లు పేరు చెప్పగలిగినవి వేప, చింత, కొబ్బరి, అంతే. తక్కినదంతా వాళ్లకి 'చెట్టు'. మాతో వచ్చిన అవ్వ మాత్రం కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు పేర్లు చెబుతూనే నడిచింది.

ఆమె మొదట చూపించింది కానుగ. గింజల నూనె ఒకప్పుడు దీపాలకి, పిండి పొలానికి ఎరువు. పక్కనే తంగేడు, దీని బెరడుతోనే తోళ్లు పదును చేసేవారు. తరువాత తుమ్మల దగ్గర ఆగాము, ఎందుకంటే చాలామంది తికమకపడేది ఇక్కడే. నల్లతుమ్మ మనది. పూలు పసుపు బంతుల్లా గుండ్రంగా ఉంటాయి, కాయ పూసలు గుచ్చిన దండలా నొక్కులు నొక్కులుగా ఉంటుంది. సర్కారు తుమ్మ అమెరికా ఖండం నుంచి వచ్చింది. దాని పూత పిల్లితోకలా పొడవుగా వేలాడుతుంది, కాయకు ఆ నొక్కులు ఉండవు. ఒకసారి చెరువులో పాదుకుంటే నరికినా మళ్లీ చిగురిస్తుంది.

తుమ్మకొమ్మలకు నీళ్ల మీద వేలాడుతున్నవి గిజిగాడి గూళ్లు. అల్లేది మగపిట్ట. గడ్డిపోచలు, ఆకు చీలికలు తెచ్చి సగం గూడు అల్లి ఆపుతుంది. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చితేనే కింది గొట్టం పూర్తవుతుంది. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. (పెళ్లిచూపులు మనకే అనుకున్నాం!) కట్ట మీద నిలబడి సగం గూళ్లెన్ని, నిండు గూళ్లెన్ని అని లెక్కపెట్టండి, పిల్లలు అక్కడి నుంచి కదలరు.

నీళ్ల మధ్య చిన్న బాతులా కనబడి, చూస్తుండగానే బుడుంగున మునిగి వేరేచోట తేలేది బుడుబుంగ. పేరు చెబితే చాలు, పిట్టను గుర్తుపట్టవచ్చు. గూడు వదిలి పోయేటప్పుడు గుడ్ల మీద నాచు కప్పిపోతుంది. పిల్లలను వీపున ఎక్కించుకుని ఈదుతుంది. ఒడ్డున గులకరాళ్ల మీద నడిచేటప్పుడు తీతువు తల మీద తిరుగుతూ అరిస్తే వెనక్కి వచ్చేయండి. దాని గుడ్లు అచ్చం రాళ్లలాగే ఉంటాయి, కాలికింద పడితే తెలియదు.

ఇక ఏనుగుల మాట. 2014లో ప్రకటించిన కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం, దాదాపు 504 చదరపు కిలోమీటర్లు, మన అడవులనూ కలుపుకుని ఉంది. వానలు వెనకబట్టి రాగిచేలు కోతకొచ్చేవేళ బన్నేరుఘట్ట వైపు నుంచి మందలు జవళగిరి మీదుగా దిగుతాయి. పెద్ద ఏనుగు రోజుకు వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది, కాబట్టి చెరువు వాటికీ దారే. పొద్దు బాగా ఎక్కాకే బయలుదేరండి, చీకటి పడకముందే ఇల్లు చేరండి. వేడి తగ్గని పేడ, అప్పుడే విరిచిన కొమ్మ కనబడితే అక్కడితో ఆగిపోవాలి. ఎండిన బురదలో పాత అడుగు దొరికితే కొలవండి: ముందరికాలి గుర్తు చుట్టుకొలతకు రెండింతలు దాదాపుగా ఆ ఏనుగు భుజం ఎత్తు. అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి పోకూడదు, ఊరి చెరువే చాలు.

ఏనుగులు చేలకు ఎందుకు వస్తాయంటే రాగి రుచి ఒక్కటే కారణం కాదు. అడవిలో గడ్డి మొలవాల్సిన చోట లంటానా కమ్ముకుంది. తోటల అందానికని తెల్లదొరలు తెచ్చిన పొద అది. ఏనుగు దాన్ని తినదు. పక్కనున్న మలే మహదేశ్వర బెట్టల్లో దాని కొమ్మలతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. మన దగ్గరా చేయవచ్చు కదా అనిపించింది.

2006 చట్టం తరువాత మన పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి. 'ఏరి' అని వాళ్లు చదువుకోవడం మంచిదే. కన్నడం వాళ్లతో 'కెరె' అనడమూ వచ్చు. కానీ చెరువు, తూము, మరవ, బుడుబుంగ, గిజిగాడు అనే మాటలు ఏ పుస్తకంలోనుంచీ రావు, ఇంట్లో పెద్దవాళ్ల నోటినుంచే రావాలి. అందుకే ఈసారి ఒక పిల్లచేతికి నోటుబుక్కు ఇచ్చాము. చూసిన ప్రతిదానికీ బొమ్మ, దాని కింద అవ్వ చెప్పిన పేరు.

తిరుగు దారిలో ఒక ముళ్లపొదకు నల్లబడిన పండ్లు రెండు మిగిలి ఉన్నాయి. అవ్వ కలేకాయ అంది. ఎదురుగా మేకలు తోలుకొస్తున్న తాత కాదు, కలివికాయ అన్నాడు. కోస్తా నుంచి వచ్చిన మా స్నేహితుడు దాన్నే వాక్కాయ అన్నాడు. నోటుబుక్కులో మూడూ రాసుకున్నాము. మీ ఊళ్లో ఏమంటారో రాయండి.