హాజరు పట్టీలో ఆడపిల్లలెక్కడ?

పదో తరగతి గ్రూపు ఫొటో మీ ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. బీరువాలో పట్టుచీరల అడుగునో, పుట్టింట్లో అటక మీది ట్రంకు పెట్టెలోనో! కుర్చీల్లో మేష్టార్లు, టీచర్లు. వాళ్ల కాళ్ల దగ్గర నేల మీద బాసింపట్టు వేసుక్కూచున్న కుర్రాళ్లు. వెనక బెంచీలెక్కి నిలబడ్డవాళ్లు మరికొందరు. ఓ పక్కగా రెండు జడలు, రిబ్బన్లు, లంగా ఓణీలతో అమ్మాయిలు. వాళ్లలో ఇప్పుడు ఎంతమంది అడ్రసు మీకు తెలుసు?

తోటి మగపిల్లల సంగతి అడిగితే ఎవరైనా టకటకా చెప్పేస్తారు. ఫలానావాడు తెనాలిలో కొట్టు పెట్టాడు, ఫలానావాడు హైదరాబాదులో ఇంజనీరు, ఇంకొకడు అమెరికాలో ఉన్నాడు... అమ్మాయిల దగ్గరకొచ్చేసరికి మాత్రం "పెళ్లయి వెళ్లిపోయింది" అన్న ఒక్క మాటతో కథ ముగిసిపోతుంది. ఎక్కడికి వెళ్లింది? ఏ ఇంటిపేరుతో ఉంది? చదువుకుందా, మానేసిందా? అసలు ఎలా ఉంది? చెప్పేవాళ్లుండరు.

ఇప్పుడు సంక్రాంతి వచ్చినా, వేసవి సెలవులొచ్చినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. పాతికేళ్లకు, నలభై ఏళ్లకు పాత బడిలో మళ్లీ కలుసుకోవడం, చదువు చెప్పిన గురువులకు శాలువా కప్పి కాళ్లకు దణ్ణం పెట్టడం, అందరూ కలిసి భోంచేయడం... ఎంతో మంచి పని. కానీ ఆ సందడిలో ఆడవాళ్ల కుర్చీలే ఎక్కువగా ఖాళీగా కనిపిస్తాయి. ఎందుకని?

రైలు దిగితే బడి

తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లనే తీసుకోండి. మూడూ పాత గుంటూరు జిల్లాలోవే. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. జిల్లాలు వేరైనా ఈ ఊళ్లను కలిపేది రైలే. మద్రాసు వైపు వెళ్లే పెద్ద లైను మీద బాపట్ల ఉంటే, తెనాలి జంక్షనులో చీలి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లే లైనుకు రేపల్లె చివరి స్టేషను.

ఈ రైళ్లే ఎందరో పల్లెటూరి పిల్లలకు చదువు దారి చూపించాయి. సీజన్ టికెట్టు, చేతిలో పుస్తకాలు, క్యారేజీలో ఆవకాయ అన్నం. 1963లో తెనాలిలో జె.ఎం.జె. మహిళా కళాశాల వచ్చాక "ఆడపిల్లల కాలేజీయే కదా, పంపిస్తాం" అని ధైర్యం చేసిన తల్లిదండ్రులు ఎంతమందో!

ఈ ఊళ్లలో చరిత్ర పాఠం కూడా వీధి చివరే ఉండేది. మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్లలోనే. తెనాలి పిల్లలు రోజూ చూసే రణరంగ చౌక్, 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పులకు బలైనవాళ్ల గుర్తు. రేపల్లె లైను మీద ఉన్న భట్టిప్రోలు బౌద్ధ స్తూపం సంగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో చదువుకుని, దాని పక్కనుంచే ఇంటికెళ్లే పిల్లలుండేవారు.

ఇక బడి కబుర్లు మొదలైతే ఆగుతాయా? ఒలికిపోయిన సిరా బుడ్డి, జామెట్రీ బాక్సులో దాచిన చింతగింజలు, లెక్కల మేష్టారు వేయించిన గోడకుర్చీ, ఇంటర్‌బెల్లులో ఉప్పూ కారం అద్దిన జామకాయ, సీమచింతకాయలు, పుల్లఐసు. ఒంటిపూట బడి వదిలాక వేపచెట్టు కింద తొక్కుడుబిళ్ల. ఒకే గదిలో ఐదేళ్లు చదివీ ఒక్క మాట మాట్లాడుకోని అబ్బాయిలూ అమ్మాయిలూ మనవలు పుట్టాక ఇప్పుడు "బాగున్నారా అండీ?" అని మొదటిసారి పలకరించుకోవడం కూడా ఈ సమ్మేళనాల్లోనే చూస్తాం!

అయితే శ్రద్ధగా వింటే ఒక తేడా తెలుస్తుంది. మగవాళ్ల జ్ఞాపకాల్లో చేసిన పనులుంటాయి. గోడ దూకి సినిమాకి పోవడం, కాలవలో ఈత కొట్టడం, మేష్టారి సైకిలు గాలి తీసెయ్యడం. ఆడవాళ్ల జ్ఞాపకాల్లో చెయ్యనివ్వని పనులు ఎక్కువ. సూర్యలంక సముద్రం బాపట్లకు కూతవేటు దూరం. ఐనా "ఆడపిల్లవి, సముద్రానికి నీకెందుకు?" అన్న మాటతో విహారయాత్ర రోజున ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు. పెద్దమనిషి అయిందని నెలల తరబడి బడి మాన్పించిన ఇళ్లు, ఆ తర్వాత "ఇక చాల్లే" అనేసిన ఇళ్లు తక్కువేమీ కాదు.

ఆగింది ఎక్కడ?

ఆడపిల్ల చదువు ఆగడానికి పెద్ద కారణం అక్కర్లేదు. చిన్న విరామం దొరికితే చాలు. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చి కోస్తా జిల్లాల్లో బడులూ కాలేజీలూ నెలల తరబడి మూతపడ్డాయి. ఉద్యమం చల్లారాక మగపిల్లలు పుస్తకాలు దులుపుకుని మళ్లీ వెళ్లారు. "ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా" అని ఈలోగా సంబంధాలు చూసిన ఇళ్లలో ఆడపిల్లలకు ఆ గంట మళ్లీ వినపడలేదు.

తర్వాత 1977 నవంబరు 19. దివిసీమను ముంచేసిన ఉప్పెన, తుఫాను రేపల్లె, బాపట్ల తీరాన్ని కూడా వదల్లేదు. వేలమంది ప్రాణాలు పోయాయి. ఇల్లు కూలి, పశువులు పోయి, పొలం ఉప్పుబారిన ఇంట్లో ముందు ఎవరి చదువు మానిపిస్తారో వేరే చెప్పాలా? చంటిపిల్లల్ని చూసుకోవాలి, వంట చెయ్యాలి, కూలికి వెళ్లే అమ్మకు సాయం కావాలి. ఆ పేర్లు హాజరు పట్టీలో కొన్నాళ్లు గైర్హాజరు కింద ఉండి, ఆ తర్వాత మాయమైపోయాయి.

చట్టం కూడా ఆ రోజుల్లో ఆడపిల్లకు పెద్దగా అండగా లేదు. 1978లో సవరించేదాకా పదిహేనేళ్లు నిండిన పిల్లకు పెళ్లి చెయ్యొచ్చు. అంటే సరిగ్గా పదో తరగతి పరీక్షలు రాసే వయసు! ఆ ఏడాదే దాన్ని పద్దెనిమిదికి పెంచారు. పెంచినంత మాత్రాన పెళ్లిళ్లు ఆగలేదనుకోండి, అది వేరే సంగతి. 1991 జనాభా లెక్కల్లో కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదవటం రాయటం వచ్చిన ఆడవాళ్లు నూటికి 33 మందే. 2011కి అది 59 అయింది. ఆ అంకెల వెనక ఉన్నది మనం బెంచీ పంచుకున్న పిల్లలే.

బడి నుంచి వెళ్లిన ఒక పిల్ల కథ అందరికీ తెలుసు. తెనాలి పక్కనే దుగ్గిరాలలో బాలికల పాఠశాలలో చదువుకున్న జమున 1953లో 'పుట్టిల్లు' సినిమాతో తెరకెక్కారు. నాటకం వెయ్యడానికి దుగ్గిరాల వచ్చి వాళ్లింట్లో దిగిన సావిత్రి, ఆ పిల్లను సినిమాల్లోకి రమ్మన్న ముచ్చట తెలుగువాళ్లంతా చెప్పుకుంటారు. 2023లో జమున కన్నుమూసినప్పుడు ఆ బడి కబుర్లు మళ్లీ గుర్తొచ్చినవాళ్లెందరో! మరి అదే బడిలో ఆమె పక్కన కూర్చున్న మిగతా పిల్లల సంగతి? వాళ్ల కథలు చెప్పడానికి వాళ్ల స్నేహితురాళ్లు తప్ప ఇంకెవరున్నారు?

ఇంటిపేరు మారితే...

పాత స్నేహితురాలిని వెతకటం మొదలుపెట్టగానే తగిలే మొదటి అడ్డు ఇంటిపేరు. బడి రిజిస్టరులో, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉండేది పుట్టింటి పేరు. ఆధార్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో, ఫోనులో ఉండేది చాలామందికి అత్తింటి పేరు. సెల్‌ఫోనులో పేరు కొట్టి వెతికితే మగవాళ్లు దొరుకుతారు, ఆడవాళ్లు దొరకరు. ఫోను భర్త పేరునో కొడుకు పేరునో ఉంటే ఇక చెప్పేదేముంది!

అయినా దారుల్లేకపోలేదు. బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. అందులో పిల్ల పేరుతోపాటు తండ్రి పేరు, ఊరు కూడా రాసి ఉంటాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకుని చూడొచ్చు. ఆ ఊరెళ్లి పుట్టింటివాళ్లనో, పాత ఇరుగుపొరుగునో అడిగితే ఆచూకీ తెలుస్తుంది. ఊళ్లో చాకలి, మంగలి, పోస్టుమాన్, గుడి పూజారి, చర్చి పాస్టరు... వీళ్లకు తెలియని ఆడపడుచు ఉండదు. ఒక్క పిల్ల దొరికితే ఆమె ద్వారా ఇంకో ఇద్దరు దొరుకుతారు.

పిలిచే పద్ధతి

దొరికిన తర్వాత పిలవటంలో కూడా కొంచెం ఆలోచన ఉండాలి.

మొట్టమొదట, పది పాసైనవాళ్లనే పిలవటం మానెయ్యాలి. ఏడులో మానేసినా, తొమ్మిదిలో మానేసినా ఆమె మన తరగతి పిల్లే. "నేను పది తప్పానుగా, నన్నెందుకు పిలుస్తారు?" అని వెనకాడే వాళ్లే రావాల్సినవాళ్లు.

చందా అందరికీ ఒకేలా పెట్టకండి. ఇంట్లో చెయ్యి చాచి డబ్బులడగలేక రాని ఇల్లాళ్లుంటారు. ఇవ్వగలిగినవాళ్లు ఎక్కువిచ్చి, ఎవరు ఎంతిచ్చారో వేదిక మీద చదవకుండా ఉంటే చాలు.

రాత్రి వేళ కాకుండా పగలు పెట్టుకోండి. సాయంత్రం బస్సుకో రైలుకో ఇంటికి చేరుకునేలా ఉండాలి. మనవణ్ణి చంకనేసుకుని వచ్చినా ఎవరూ మొహం చిట్లించకూడదు.

ఎవరి ఫోను నంబరూ వాళ్లనడక్కుండా వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. నలుగురు మగవాళ్లున్న గ్రూపులో చేరటం ఇష్టంలేనివాళ్లకు ఆడవాళ్ల గ్రూపు విడిగా ఉంటే సరిపోతుంది. ఫొటోలు బయట పెట్టేముందు కూడా ఒక మాట అడగాలి.

కలవగానే "మీవారేం చేస్తారు? పిల్లలెక్కడ సెటిలయ్యారు?" అన్న ప్రశ్నలు కాస్త వాయిదా వెయ్యండి. భర్త పోయిన ఆమె, పిల్లలు లేని ఆమె, విడిగా బతుకుతున్న ఆమె ఆ రెండు ప్రశ్నలకు భయపడే ఇలాంటిచోటికి రారు. "ఒసే, నీకు లెక్కలంటే ఎంత భయమే!" అని మొదలుపెడితే ఆ మనిషి మొహం ఎలా విప్పారుతుందో చూడండి. పుట్టింటి పేరుతో, చిన్నప్పటి ముద్దుపేరుతో ఆమెను పిలిచేవాళ్లు ఈ వయసులో ఎంతమంది మిగిలారు కనక?

ఇంకో పని కూడా ఉంది

కలుసుకోవటంతోనే ఆగక్కర్లేదు. చదువు మధ్యలో ఆగిన స్నేహితురాలికి ఇప్పటికైనా పది పూర్తి చెయ్యాలనుంటే సార్వత్రిక పాఠశాల విధానం ఉంది. పద్నాలుగేళ్లు దాటినవాళ్లు ఎవరైనా చేరొచ్చు. రోజూ బడికి వెళ్లక్కర్లేదు, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు. 1982లో మన రాష్ట్రంలో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు, బడి చదువు పూర్తికాని వాళ్లను కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు. అలా వంటింట్లో పుస్తకం పెట్టుకుని చదివి పట్టా తీసుకున్న గృహిణులు మన చుట్టుపక్కలే ఉన్నారు. ఫీజు కట్టడానికి, ఫారం నింపడానికి, "నువ్వు పాసవుతావే" అని రోజూ ఫోను చెయ్యడానికి పాత స్నేహితులకన్నా తగినవాళ్లెవరు?

అలాగే ఇప్పుడు అదే బడిలో చదువుతున్న పిల్లల్ని ఒకసారి పలకరించి రండి. శాలువాల ఖర్చు కొంత తగ్గించుకుని, ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఏ పిల్లయినా వారం పదిరోజులుగా రావటం లేదేమో టీచర్లనడగండి. రాకపోతే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి వాళ్లింటికెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి. మన రోజుల్లో అలా వచ్చి అడిగినవాళ్లు లేకనే కదా, మన పక్కన ఉండాల్సిన ఎందరో వెళ్లిపోయారు!

ఈ సెలవుల్లో మీ బడి సమ్మేళనం ఉంటే, పిలుపుల జాబితా రాసే పని మీరు తీసుకోండి. ముందు ఆడపిల్లల పేర్లు రాయండి. ఆచూకీ తెలియని ప్రతి పేరు పక్కన, దాన్ని కనుక్కునే బాధ్యత ఎవరిదో కూడా రాయండి.