అగాధమునకు దారి

పర్వతారోహణమున శ్రమ ముందు, సుఖము వెనుక. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున గల గ్రాండ్ కాన్యన్‌లో ఈ క్రమము తారుమారగును. కొలరాడో నది శిలలను కోసి యేర్పరచిన యీ లోయ పొడవు 446 కిలోమీటర్లు. లోతు ఒకటిన్నర కిలోమీటరునకు పైమాట. దక్షిణపుటంచునుండి బ్రైట్ ఏంజెల్ బాట దిగు యాత్రికుడు అడుగడుగునకును పూర్వయుగములలోనికి పోవుచుండును. అంచుశిలల వయస్సు సుమారు 27 కోట్ల సంవత్సరములు. అడుగున విష్ణుదేవుని పేరు పెట్టబడిన శిలల వయస్సు సుమారు 170 కోట్లు.

దిగుట సులభము; ప్రమాదమంతయు అందే యున్నది. దిగినకొలది వేడి హెచ్చును. వేసవిలో అడుగున 40 డిగ్రీలు మించును. అలసట తెలియువేళకు ఎక్కవలసినదంతయు మిగిలియుండును. కావుననే వేసవిలో నదివరకు దిగి, ఆ దినముననే మరల పైకి రాబూనవలదని ఉద్యానాధికారులు హెచ్చరింతురు. నీటితోపాటు ఉప్పు గల ఆహారమును వెంట నుండవలెను. కేవలము నీరే మితిమీరి త్రాగినచో రక్తమున లవణము తగ్గి ప్రాణాపాయము కలుగవచ్చును. దిగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు ఎక్కుటకు ఉంచుకొని, కాళ్లు అలయకమునుపే గడియారము చూచి వెనుకకు మరలుట శ్రేయస్కరము.