గిరణ్‌గావ్: మిల్లు చుట్టూ అల్లుకున్న ఊరు

పారిశ్రామిక నగరాల చరిత్ర సాధారణంగా మిల్లు యజమానుల పేర్లతో, పెట్టుబడుల లెక్కలతో మొదలవుతుంది. అయితే ఆ మిల్లుల్లో చెమటోడ్చినవారు ఎక్కడ తలదాచుకున్నారు, ఎవరు వండిన అన్నం తిన్నారు, పని దొరకని రోజుల్లో ఎవరి ఆసరాతో బతికారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికినప్పుడే ఒక నగరం ఎలా నిలబడిందో తెలుస్తుంది. నూరేళ్లకు పైగా నూలు మిల్లుల నగరంగా పేరొందిన బొంబాయి ఇందుకు గొప్ప నిదర్శనం. పరేల్, లాల్‌బాగ్, వర్లీ, నాయ్‌గావ్ వంటి ప్రాంతాలతో కూడిన మిల్లుల సీమను అక్కడి జనం గిరణ్‌గావ్ అన్నారు. మరాఠీలో గిరణి అంటే మిల్లు, గావ్ అంటే ఊరు. మహానగరం నడుమ ఉన్న చోటును ఊరని పిలుచుకోవడం వెనుక, పల్లెను వదిలి వచ్చినా పల్లె బంధాలను వదులుకోని లక్షలాది మంది జీవితానుభవం ఉంది.

పల్లె పోషించిన పరిశ్రమ

కావస్‌జీ నానాభాయ్ దావర్ నెలకొల్పిన తొలి నూలు మిల్లు 1856లో తార్‌దేవ్‌లో పని ప్రారంభించిన తరువాత, కొంకణ్ తీరంలోని రత్నగిరి నుంచి, దక్కన్‌లోని సతారా వంటి జిల్లాల నుంచి, సేద్యం మీద ఇల్లు గడవని కుటుంబాల మగవారు బొంబాయి దారి పట్టారు. ఈ వలసలో తెలుగువారికీ భాగం ఉంది: నిజాం రాజ్యం నుంచి వెళ్లి కట్టడాల పనుల్లో కూలీలుగా స్థిరపడిన కామాఠీల వల్లనే కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది, చేతిమగ్గం కూడు పెట్టని కాలంలో తెలంగాణ పద్మశాలీలు మిల్లుల నేత విభాగాల్లో చేరారు.

పని ఇప్పించేది జాబర్, అంటే పనివారిని కుదిర్చి, అజమాయిషీ చేసి, అవసరమైతే తొలగించే మేస్త్రీ. శాశ్వత ఉద్యోగం లేనివారిని బద్లీలు అనేవారు. వారు రోజూ మిల్లు గేటు దగ్గర నిలబడి, ఆనాడు రానివారి స్థానంలో పని దొరికితే చేసి, దొరకకపోతే వెనుదిరిగేవారు. చాలామంది కుటుంబాలు ఊళ్లోనే ఉండిపోవడంతో పిల్లల పెంపకం, రోగుల సేవ, ముసలితనపు పోషణ పల్లె మీదే పడ్డాయి. మిల్లు జీతం తక్కువగా ఉన్నా పరిశ్రమ సాగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఒంటిగది, ఉమ్మడి బతుకు

పొడవాటి వరండా వెంట వరుసగా ఒంటిగదులు, అంతస్తుకు ఉమ్మడి కుళాయిలు, మరుగుదొడ్లు ఉండే భవనాన్ని చాళ్ అంటారు. 1896లో ప్లేగు విరుచుకుపడి, కిక్కిరిసిన బస్తీల దుస్థితిని బయటపెట్టాక 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడి చాళ్లు కట్టించింది. 1920లలో ప్రభుత్వం మరిన్ని చాళ్లు కట్టించింది. సుమారు 160 చదరపు అడుగుల గదిలో ఒకే ఊరి మగవారు అనేకమంది కలిసి అద్దె పంచుకుంటూ, ఒక షిఫ్టువారు లేచి వెళ్లాక మరో షిఫ్టువారు వచ్చి పడుకుంటూ కాలం గడిపారు. వీరికి నెలవారీ లెక్కన భోజనం పెట్టే ఇళ్లను ఖాణావళ్ అనేవారు. వాటిని నడిపినవారు ఎక్కువగా స్త్రీలే. సమ్మె కాలంలో అరువు మీద అన్నం పెట్టి పోరాటాలను నిలబెట్టిన ఈ స్త్రీలను సంఘటితం చేయడానికి 1975లో ప్రేమా పురావ్ అన్నపూర్ణ మహిళా మండల్‌ను స్థాపించారు.

ఈ ఉమ్మడి బతుకులో కులం చెరిగిపోలేదు. మగ్గం నాడెలోకి నూలు పోగును నోటితో పీల్చి ఎక్కించే పద్ధతి ఉండటంతో, ఎంగిలి పేరు చెప్పి దళితులను ఎక్కువ కూలి వచ్చే నేత విభాగంలోకి రానివ్వలేదు. పరేల్ చాళ్‌లోనే ఏళ్లతరబడి నివసించిన అంబేడ్కర్ 1928 నాటి సమ్మె సందర్భంగా ఈ అన్యాయాన్ని గట్టిగా ప్రశ్నించారు. నూలు చుట్టే విభాగాల్లో పనిచేసిన స్త్రీలకు 1929 నాటి బొంబాయి ప్రసూతి ప్రయోజనాల చట్టం కొంత రక్షణ కల్పించింది.

హక్కులు, ఓటమి, బాకీ

జ్యోతిరావు ఫూలే అనుచరుడైన నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో మిల్లు కార్మికుల సంఘాన్ని నెలకొల్పి, 1890లో ఆదివారపు సెలవు సాధించారు. జాతీయోద్యమ నాయకుడు తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడినప్పుడు, 1908లో, కార్మికులు ఆరు రోజులు పని మానేశారు. 1928లో ఆరు నెలలు మిల్లులను స్తంభింపజేశారు. అణ్ణాభావు సాఠే, అమర్ షేక్ వంటి ప్రజాగాయకులు ఈ చాళ్ల జనం మధ్యనే తమ పాటకు శ్రోతలను పొందారు.

1982 జనవరి 18న కార్మిక నేత దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. లాంఛనంగా ఎన్నడూ విరమించని ఆ సమ్మె తరువాత వేలాది మంది మళ్లీ పనిలోకి రాలేకపోయారు. వస్త్ర ఉత్పత్తి భివండీ వంటి పవర్‌లూమ్ పట్టణాలకు తరలింది. పునర్నిర్మాణానికి వచ్చే మిల్లు భూమిని యజమానికి, నగరపు ఖాళీస్థలాలకు, ప్రజల గృహాలకు మూడు భాగాలుగా పంచాలన్న 1991 నాటి నిబంధనను 2001లో ఖాళీ నేలకే పరిమితం చేయగా, 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. దానితో ప్రజల వాటా కుదించుకుపోయి, పొగగొట్టాల చోట మాల్స్, ఆకాశహర్మ్యాలు లేచాయి. ఇళ్ల కోసం దరఖాస్తు పెట్టుకున్న మాజీ కార్మికులు, వారి వారసులు లక్షకు పైగా ఉండగా, 2012 నాటి లాటరీలో ఏడు వేల లోపు ఇళ్లే పంచారు.

పల్లె పెంచిన చేతులు, ఖాణావళ్ పెట్టిన అన్నం, చాళ్ పంచిన నీడ ఏ మిల్లు జమాఖర్చుల్లోనూ నమోదు కాలేదు గానీ, బొంబాయి సంపదకు పునాది పడింది వాటి మీదే. కాబట్టి మిల్లు భూముల్లో కార్మికుడికి దక్కవలసిన ఇల్లు ప్రభుత్వం చూపే దయ కాదు, నగరం తీర్చవలసిన బాకీ. ఆదివారపు విశ్రాంతిని అనుభవించే ప్రతి పాఠకుడూ, ఆ సెలవు కోసం 1890లోనే పోరాడి గెలిచిన గిరణ్‌గావ్ కార్మికులకు ఈ బాకీ తీరాలని కోరుకోవడం కనీస ధర్మం.