పుట్టుమచ్చను చూసి ఫోను ఏం చెప్పగలదు?



మా చర్మవ్యాధుల ఓ.పి.కి ఒక పెద్దామె వచ్చారు. వయసు 58. పొలం పనులు చేసుకునే మనిషి. కుడి మడమ కింద ఆనెకాయ పుండు పడిందని, కాలు నేల మీద ఆనడం లేదని చెప్పారు. కడిగి చూశాం. పుండు చుట్టూ సిరా ఒలికినట్లు నల్లని మచ్చ. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. గజ్జల్లో బిళ్ళ కట్టి ఉంది.

"ఈ మచ్చ ఎప్పటి నుండి ఉందమ్మా?" అని అడిగాం.

"రెండేళ్ళవుతోందండీ. అరికాల్లో మచ్చ ఉంటే దేశాలు తిరుగుతారంటారు కదా. నేను తిరక్కపోయినా మా అబ్బాయి తిరుగుతున్నాడులే అనుకున్నాను" అన్నారు.

ఆ అబ్బాయికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం. అక్కడ చర్మ క్యాన్సర్ చాలా ఎక్కువ కనుక దాని గురించి కొంత తెలుసు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు తల్లి కాలు చూసి అనుమానపడ్డాడు. తన ఫోనులోని ఒక యాప్‌తో మచ్చను ఫోటో తీశాడు. 'ప్రమాదం తక్కువ' అని ఆకుపచ్చ గుర్తు వచ్చింది. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తరువాత పది నెలలు ఎవరూ ఆ కాలిని పట్టించుకోలేదు. బయాప్సీలో మెలనోమా అని తేలింది. అప్పటికే అది గజ్జల్లోని బిళ్ళలకు పాకింది. ఆమెను క్యాన్సర్ శస్త్రచికిత్సకు పంపాం. చికిత్స ఇంకా సాగుతోంది.

ఆ కొడుకును మేము తప్పుపట్టడం లేదు. అతని అనుమానం సరైనదే. ఆ అనుమానాన్ని ఎవరి దగ్గరకు తీసుకువెళ్ళాలన్నదే అసలు ప్రశ్న.

యాప్ ఎలా పనిచేస్తుంది?

ఇలాంటి యాప్‌లకు వేలాది మచ్చల ఫోటోలు చూపించి, ఏది క్యాన్సర్, ఏది కాదు అని నేర్పుతారు. మీరు తీసిన ఫోటోలోని రంగు, ఆకారం, అంచులను అది నేర్చుకున్న వాటితో పోల్చి ఒక అంచనా చెబుతుంది. ఈ విద్యలో నిజమైన బలం ఉంది. 2017 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 1,29,450 ఫోటోలతో ఒక కంప్యూటరుకు శిక్షణ ఇచ్చారు. బయాప్సీతో నిర్ధారణ అయిన ఫోటోలు చూపినప్పుడు అది 21 మంది చర్మ వైద్యులతో సమానంగా గుర్తించింది. అయితే ఎంపిక చేసిన మంచి ఫోటో వేరు, వరండాలో బల్బు కింద చెయ్యి వణుకుతూ తీసిన ఫోటో వేరు. పైగా యాప్ మచ్చను తాకి చూడదు, గజ్జల్లో బిళ్ళను తడమలేదు.

పరీక్షలు ఏం తేల్చాయి?

2013 లో అమెరికాలో నాలుగు యాప్‌లను 188 ఫోటోలతో పరీక్షించారు. వాటిలో 60 మెలనోమాలు. నాలుగింటిలో మూడు యాప్‌లు నూటికి 30, అంతకంటే ఎక్కువ మెలనోమాలను 'ఫరవాలేదు' అని వదిలేశాయి. అన్నింటికంటే తక్కువ వదిలేసినది ఫోటోను చర్మ వైద్యునికి పంపించే యాప్! 2015 లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆధారం లేకుండా మెలనోమాను కనిపెడతామని ప్రచారం చేసుకున్న రెండు యాప్‌ల అమ్మకందారులపై చర్య తీసుకుంది.

2020 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ అప్పటివరకు జరిగిన పరిశోధనలను కలిపి చూసింది. ఎక్కువగా పరీక్షకు నిలిచిన యాప్ కూడా నూటికి 80 చెడ్డ మచ్చలనే పట్టుకుంది. మంచి మచ్చల్లో నూటికి 78 నే మంచివని చెప్పింది. ఈ లెక్కన వేయి మందిలో 30 మందికి క్యాన్సర్ ఉందనుకోండి. ఆరుగురికి ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఏ జబ్బూ లేని 213 మందికి ఎర్ర గుర్తు వస్తుంది. అలా ఎర్ర గుర్తు చూసి నాలుగు రాత్రులు నిద్రపోని యువకుడు కూడా మా దగ్గరకు వచ్చాడు. అతనికి ఉన్నది పులిపిరికాయ!

మన చర్మం సంగతి ఏమిటి?

కంప్యూటరు తాను చూసిన వాటినే గుర్తుపడుతుంది. పరిశోధకులకు అందుబాటులో ఉన్న 1,06,950 చర్మ ఫోటోలను 2021 లో కొందరు పరిశీలించారు. చర్మపు రంగు రాసి ఉన్నవి 2,436. వాటిలో గోధుమ రంగు చర్మం ఫోటోలు 10, ముదురు గోధుమ లేక నల్లని చర్మం ఫోటో ఒకే ఒకటి. జాతి వివరం రాసి ఉన్న ఫోటోలలో దక్షిణాసియా వారివి ఒక్కటీ లేవు.

మనలో చర్మ క్యాన్సర్ తెల్లవారిలో కంటే చాలా తక్కువ. అది నిజమే. కాని వచ్చినప్పుడు మెలనోమా తరచుగా అరికాలు, అరచేయి, గోళ్ళ కింద కనిపిస్తుంది. ఈ రకానికి ఎండతో సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి కాలి బొటనవేలి గోరు కింద వచ్చినది ఇదే. 1977 లో కనిపెట్టారు. 1981 లో 36 ఏళ్ళకే ఆయన మరణించారు. ఇక మరో రకం చర్మ క్యాన్సర్ పాత కాలిన మచ్చల మీద, ఏళ్ళ తరబడి మానని పుండ్ల మీద, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన అరికాలి పుండ్ల మీద, అరుదుగా చీర లోపలి లంగా బొందు ఒరుసుకునే నడుము దగ్గర పుడుతుంది. పుట్టుమచ్చల కోసం తయారైన యాప్ వీటి గురించి మిమ్మల్ని హెచ్చరిస్తుందని నమ్మకండి.

నెలకొకసారి ఇవి చూసుకోండి

1. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం.
2. అంచులు గరుకుగా, వంకరగా ఉండటం.
3. ఒకే మచ్చలో రెండు మూడు రంగులు ఉండటం.
4. 6 మిల్లీమీటర్ల కంటే పెద్దదిగా ఉండటం.
5. అన్నింటికంటే ముఖ్యం, మచ్చ మారుతూ ఉండటం: పెరగడం, దురద, రక్తం కారడం.
6. అరికాలిలో, అరచేతిలో కొత్త నల్ల మచ్చ; ఒక్క గోరులోనే వెడల్పవుతున్న నల్లని చార.
7. నెల దాటినా మానని పుండు. పాత కాలిన మచ్చ మీద లేచిన కండ.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా యాప్ ఏ రంగు చూపించినా సరే, డాక్టరుకు చూపించండి. మచ్చను బ్లేడుతో చెక్కకండి. ఆకు పసరు, సున్నం పెట్టి కాల్చకండి.

మరి ఫోను దేనికి పనికొస్తుంది?

చాలా పనికొస్తుంది! పగటి వెలుతురులో, మచ్చ పక్కన స్కేలు పెట్టి, ప్రతి నెలా ఒకే దూరం నుండి ఫోటో తీసి దాచండి. మాకు ఆ ఫోటోలు చూపిస్తే మచ్చ ఎంత మారిందో ఇట్టే తెలుస్తుంది. దూరాన ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో "అమ్మా, ఒకసారి అరికాలు చూపించు" అని అడగండి. అనుమానం వస్తే యాప్‌ను కాదు, ఆసుపత్రికి తీసుకువెళ్ళే మనిషిని వెతకండి.

మెలనోమా చర్మం పైపొరల్లో ఉన్నప్పుడే కోసి తీసేస్తే దాదాపు అందరూ బాగుపడతారు. అందుకు చేసేది మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీసి పంపే పరీక్ష. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే, ఈ రాత్రి కాళ్ళు కడుక్కునేటప్పుడు ఒక్కసారి అరికాళ్ళు తిప్పి చూసుకోండి. మీకు వంగడం కష్టమైతే ఇంట్లో వారిని చూడమనండి.